రక్ష కట్టిన బోల్టు

ధవళేశ్వరం లాకుల పక్కన కాలువ గట్టు మీద మోకాలెత్తు గుడి ఒకటుంది. గుడి అనడం కూడా ఎక్కువే. మూడు వైపులా ఇటుకలు, పైన నాలుగు పెంకులు. లోపల ఉన్నది విగ్రహం కాదు, బొటనవేలంత ఇనుపముక్క. పసుపూ కుంకుమా పొరలు పొరలుగా పట్టి ఇప్పుడు అది ఇనుమని చెబితే తప్ప తెలియదు. జనం దాన్ని ఆవిరమ్మ తల్లి అంటారు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసేది నేనే. అది నా మొగుణ్ణి చంపింది.

ఈ మాట పైకి అంటే కళ్లు పోతాయంటారు. పోయినవి చాలవా నాకు?

నా పేరు లోవమ్మ. మాది గోదావరి ఒడ్డున పల్లెవాళ్ల పేట. మా నాన్న, మా మామ, వాళ్ల తాతలు అందరూ వలలు వేసినవాళ్లే. నా మొగుడు బుల్లియ్య మాత్రం వల వదిలి కాలువ మీదకు వచ్చాడు. అవి రైలు ఇంకా రాని రోజులు. రాజమండ్రి వాళ్లు కాకినాడ పోవాలంటే ఈ లాకుల దగ్గర పడవ ఎక్కవలసిందే. పడవలన్నిటినీ మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో లాగేవారు. బుల్లియ్య కూడా మొదట్లో లాగినవాడే. తాడు ఒరుసుకుని వాడి భుజం మీద కాయ కాసింది. పడవల ఆసామి వెంకటరాజు గారు, ఎవరో దొరలు వాడి వదిలేసిన ఇంజను ఒకటి కొని తన పడవకు బిగించినప్పుడు, బొగ్గు వేయడానికి బుల్లియ్యను పెట్టుకున్నారు. బొగ్గు వేస్తూ వేస్తూ ఇంజను నడపడం నేర్చేసుకున్నాడు. ఆ తర్వాత పేటలో మా ఆయన నడక మారిపోయింది. పిల్లలు 'ఇంజను బుల్లియ్య' అని వెంట పడితే కోప్పడుతున్నట్టు నటించేవాడు గాని, మూతి మీద నవ్వు ఆగేది కాదు.

తాడు లాగే పని తప్పించిన ఇంజను కదా, దాన్ని అమ్మా అనేవాడు. పడవ మొదటిసారి నీళ్లలో దిగిన రోజు మరిడమ్మ గుడి నుంచి, అమ్మవారు పూని పలికే గణాచారిని పిలిపించి దానికి రక్ష కట్టించాడు. బాయిలరు నుంచి వచ్చే ఆవిరి గొట్టం ఇంజనుకు అతుక్కునే చోట మందపాటి ఇనుప పళ్లెం ఒకటి ఉండేది. దాన్ని నాలుగు మూలలా నాలుగు బోల్టులు పట్టుకుని ఉండేవి. డ్రైవరు నిలబడే వైపున్న బోల్టుకు ఎర్రగుడ్డలో పసుపుకొమ్ము, వేపాకు మూటగట్టి రక్ష చుట్టింది గణాచారి. అక్కణ్ణుంచి ప్రతి శుక్రవారం అదే పూజ. పసుపు నీళ్లతో ఇంజనుకు స్నానం. బోల్టు బోల్టుకూ బొట్టు. నిమ్మకాయ కోసి నాలుగు మూలలా పిండడం. చివర కొబ్బరికాయ సరిగ్గా ఆ ఇనుప పళ్లెం అంచు మీదే కొట్టడం. నీళ్లన్నీ బోల్టుల సందుల్లోకి దిగిపోయేవి. మా ఇంటి గుమ్మానికి పసుపు ఏ పండక్కో పడేది గాని, ఆ ఇంజనుకు లోటు లేదు.

చింతపండు పులుసులో ఇనుప గరిటె మరిచిపోతే తెల్లారేసరికి ఏమవుతుందో వంట చేసే ఏ ఆడదానికైనా తెలుసు. ఒకనాడు అన్నం తీసుకెళ్లి, ఊరుకోలేక అన్నాను.

"మావా, పులుపు ఇనుమును తినేస్తుంది. అలా పొయ్యకు."

"నోరు ముయ్యవే. అమ్మకు పెట్టింది అమ్మను తింటుందా?" అన్నాడు.

నేను గోటితో ఒక బోల్టు మీద పసుపు గీకి చూశాను. పసుపు కింద కుంకుమ, కుంకుమ కింద తుప్పు. ఏది కుంకుమో ఏది తుప్పో తెలియలేదు, రెండూ ఒకే రంగు. బుల్లియ్య నా చెయ్యి లాగేసి, గీకిన చోట మళ్లీ బొట్టు పెట్టాడు.

ఆ ఏడు శివరాత్రి దగ్గర పడింది. పిఠాపురంలో కుక్కుటేశ్వరుడి తీర్థానికి రాజమండ్రి జనం పోటెత్తుతారు. సామర్లకోట దాకా పడవలో పోయి, అక్కణ్ణుంచి బండ్లు కట్టుకుంటారు. సరిగ్గా అప్పుడే ఇంజను బుసకొట్టడం మొదలుపెట్టింది. పళ్లెం సందులోంచి ఆవిరి చిమ్ముతోంది. వెంకటరాజు గారు లబలబలాడి, ధవళేశ్వరం కార్ఖానాలో పని నేర్చుకున్న ఏసుపాదానికి కబురు పెట్టారు.

ఏసుపాదం మాకు కొత్తవాడు కాదు. మా పేటవాడే. వాడూ బుల్లియ్యా ఒకే దోనె పట్టుకుని ఈత నేర్చుకున్నారు. తర్వాత వాళ్ల ఇంటిల్లిపాదీ మిషను గుడిలో కలిశారు. ఒకళ్ల మతం గురించి ఒకళ్లు ఏమీ అనుకోరు గాని, కలిసినప్పుడల్లా పోట్లాడుకునేవారు. అదే వాళ్ల స్నేహం.

ఇంజను చల్లారాక ఏసుపాదం గుడ్డ తీసుకుని పసుపంతా తుడిచేశాడు. బుల్లియ్య మొహం చిట్లించాడు. బోల్టులు బయటపడ్డాయి. వాటి తలల అంచులు కొరికేసిన చెరుకు ముక్కల్లా అయిపోయాయి.

"ఒరేయ్ బుల్లియ్యా, ఇది ఇంజనా, ఊరగాయ జాడీయా?" అన్నాడు ఏసుపాదం.

"పని చూడరా, ప్రసంగం చర్చిలో చెప్పుకో," అన్నాడు బుల్లియ్య.

పని చూశాడు. కిరసనాయిలు పోసి బోల్టులను నానబెట్టాడు. నిప్పులు తెచ్చి వాటి తలల పక్కన పెట్టి కాకపెట్టాడు. ఇనుము వేడికి కాస్త సాగితే పట్టు వదులుతుందట. పానా తగిలించి, ఒక్కసారిగా గుంజకుండా, కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ తిప్పాడు. మొదటి బోల్టు మూలుగుతూ వచ్చింది. రెండోది పానా తిప్పిన చోటే పుటుక్కున విరిగింది. తల చేతికి వచ్చింది, ఒళ్లు లోపలే ఉండిపోయింది. మూడోదీ అంతే. ఇరుక్కుపోయిన మొండేల నడిమధ్యన బర్మాతో చిల్లి పెట్టి, అందులో పలకల ఇనుపకడ్డీ దిగ్గొట్టి, దాన్ని పట్టుకుని వెనక్కి తిప్పితే అవి బయటికి వచ్చాయి. సగం పైగా తినేసి ఉన్నాయి. ఆ పనికి పొద్దు వాలింది. కొత్త బోల్టుల మరలకు ఆముదం రాసి, మూడూ బిగించాడు.

నాలుగోది మిగిలింది. రక్ష కట్టినది.

ఏసుపాదం ఎర్రగుడ్డ ముడి మీద చెయ్యి వేశాడు. బుల్లియ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"అది ముట్టుకోకు."

"మిగతావాటి గతి చూశావు గదరా. ఇది ఇంకా అన్యాయంగా ఉంటుంది. గుడ్డ తడి అంతా దీన్లోకే."

"మరిడమ్మ పేరు మీద కట్టిన రక్ష. పడవ నీళ్లలో ఉండగా విప్పకూడదు. గణాచారి చెప్పింది."

"నేను విప్పను. నువ్వే విప్పు. బోల్టు మార్చాక నువ్వే మళ్లీ కట్టుకో."

"విప్పకూడదంటే విప్పకూడదు!"

గొడవ విని వెంకటరాజు గారు వచ్చారు. ఆయనకు రక్ష మీద భక్తి ఎంతో నాకు తెలియదు గాని, మర్నాడు ఎక్కబోయే జనం మీద మాత్రం చాలా ఉంది. "మూడు మార్చావు గదరా. ఒక్కటి ఉంటే కొంప మునుగుద్దా? ఎండాకాలం ఎలాగూ కాలువలు కట్టేస్తారు. పడవ గట్టు ఎక్కుద్ది. అప్పుడు రక్ష విప్పి, నీ ఇష్టం వచ్చినట్టు అన్నీ మార్చుకో," అన్నారు.

"మూడు గట్టివీ ఒకటి పుచ్చుదీ అయితే బరువంతా ఆ పుచ్చుదాని మీదే పడుద్దండి. డ్రైవరు నిలబడే వైపండి అది," అన్నాడు ఏసుపాదం.

బుల్లియ్యకు అన్నం తెచ్చి, గట్టు మీద నిలబడి ఇదంతా వింటున్నాను. డ్రైవరు అంటే ఎవరో కాదు గదా. అన్నం గిన్నె కింద పెట్టి ముందుకొచ్చాను.

"రాజుగారండీ, మార్పించేయండి. మావా, నీకు దండం పెడతాను, విప్పించు. నేను చూశాను, అది లోపలంతా తుప్పే."

వెంకటరాజు గారు నన్ను ఎగాదిగా చూశారు. "ఏమేవ్, పడవ నాదా, నీ మొగుడిదా? చేపలు అమ్ముకునేదానివి, ఇంజను సంగతి నీకెందుకే?" అన్నారు. బొగ్గు మోసేవాళ్లంతా నవ్వారు. నలుగురిలో పెళ్లాం చేత చెప్పించుకున్నానన్న ఉక్రోషంతో బుల్లియ్య నా మీద చెయ్యెత్తాడు. కొట్టలేదు. "ఇంటికి పోవే!" అని మాత్రం అరిచాడు. అలా ఎప్పుడూ అరిచినవాడు కాదు.

ఏసుపాదం పానా సంచిలోకి విసిరాడు. "కట్టుకోండి మీ రక్ష. నేను బిగించింది మూడే. నాలుగోది మీ అమ్మవారు చూసుకుంటుంది," అని గట్టెక్కి పోయాడు. కోపం వస్తే వాడికీ ముందూ వెనకా తెలియదు. ఇంకో మాట పోట్లాడి ఉండవలసినవాడు.

మర్నాడు పడవ నిండా జనం. పట్టుచీరలు, మూటలు, పిల్లలు. నేను గట్టు మీద నిలబడ్డాను, ఇంటికి పొమ్మంటే పోయే మనిషిని కాను. లాకు తలుపులు తెరిచారు. బుల్లియ్య కొబ్బరికాయ ఎత్తి ఎప్పటిలాగే ఆ పళ్లెం అంచు మీద కొట్టాడు. జనం హరహర మహాదేవ అన్నారు. నన్ను చూసి తల ఊపాడు, నిన్నటి కోపం పోయినట్టు. ఇంజను అందుకుంది.

పడవ లాకు దాటుతుండగా తుపాకి పేలినట్టు చప్పుడైంది. ఆవిరి తెల్లగా కమ్మేసింది. అందులోంచి బుల్లియ్య అరుపు వినబడింది. తర్వాత చెప్పారు, ఒళ్లు ఉడికిపోతున్నా కాలువలోకి దూకకుండా చెయ్యి చాచి ఆవిరి మర కట్టేశాడట. కట్టేశాకే పడిపోయాడట. జనంలో ఒక్కరికి కూడా చిటికెనవేలు కాలలేదు.

అరిటాకుల మీద పడుకోబెట్టాం. ఆ పూటంతా బతికాడు. మొహం నేను గుర్తుపట్టేలా లేదు. పెదవులు కదిలితే చెవి దగ్గర పెట్టాను.

"రక్ష ఊడిపోలేదు గదే?" అన్నాడు.

"లేదు మావా. ఉంది," అన్నాను.

నా గురించి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. పొద్దు గుంకేలోగా పోయాడు. తీర్థానికి పోవలసినవాళ్లకు ఇంకో పడవ దొరికింది, వేళకే చేరారట.

విరిగిన బోల్టు తల ఎర్రగుడ్డతో సహా ఎగిరివెళ్లి లాకు తలుపు చెక్కలో గుచ్చుకుంది. అది చూసిన జనానికి ఒళ్లు జలదరించింది. ఇంతమందిని కాపాడి ఒక్కణ్ణే తీసుకుంది తల్లి, అన్నారు. రక్ష చూడండి, చెక్కుచెదరలేదు, అన్నారు. మరి తల్లికి అంత కోపం ఎందుకొచ్చింది? దానికీ జవాబు దొరికింది. పరమతంవాడు పసుపు తుడిచేశాడు, అందుకని. ఆ ముక్క నోటినుంచి నోటికి పాకి, కాలువ మీద ఒక్క పడవవాడు కూడా ఏసుపాదాన్ని మళ్లీ పిలవలేదు. వాడు మండపేట పోయి బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసుకుంటూ బతికాడు. మిగతా మూడు బోల్టులూ ఎందుకు విరగలేదని ఒక్కడూ అడగలేదు.

ఆ బోల్టు తలకు గుడి కట్టించింది వెంకటరాజు గారే. ఇటుకలకు వెనకాడలేదు. పూజకు ఎవరని ఆలోచించి నన్ను పెట్టారు. భర్తను తల్లికి ఇచ్చుకున్న మనిషి కదా! ఇచ్చుకున్నానట! నా నుదుట బొట్టు చెరిపి, ఆ బొట్టును నా చేతే ఆ ఇనుపముక్కకు పెట్టించారు. పెళ్లిళ్లకు నేను ఎదురొస్తే మొహం తిప్పుకునే ఆడవాళ్లు శుక్రవారం వచ్చి నా కాళ్లకు దండం పెట్టేవారు. నిన్నటిదాకా 'ఏమేవ్' అన్న రాజుగారి నోటికి నేను 'అమ్మా లోవమ్మా' అయ్యాను. కొబ్బరిచిప్పలు, బియ్యం ఇంటికి తెచ్చుకునేదాన్ని. తినకుండా ఎలా? మొగుడు పోయినా కడుపు పోదు.

కొన్నేళ్లకు వెంకటరాజు గారు ఇంకో పడవ కొన్నారు. అదీ ఎవరో వాడేసినదే, ఇంజనుతో సహా. డ్రైవరుగా మా పేట కుర్రాడు అమ్మిరాజును పెట్టుకున్నారు. నీళ్లలో దించే రోజు రక్ష కట్టమని నన్ను పిలిచారు. ఇప్పుడు రక్ష కట్టడానికి మరిడమ్మ గణాచారి కంటే ఆవిరమ్మ పూజారి గొప్పదైపోయింది.

వెళ్లాను. అదే ఇనుప పళ్లెం, అదే నాలుగు మూలలు. అమ్మినవాళ్లు కూడా భక్తిగలవాళ్లే కాబోలు, బోల్టుల మీద వేలిమందాన పాత పసుపు పేరుకుపోయి ఉంది. అమ్మిరాజు కొబ్బరికాయ పట్టుకుని ఆ అంచు దగ్గరే నిలబడ్డాడు. గట్టు మీద వాడి పెళ్లాం పాపాయి నిలబడి ఉంది, నెత్తిన అన్నం గిన్నె పెట్టుకుని. నేను నిలబడ్డ చోటే.

"రాజుగారండీ, ముందు ఆ బోల్టులు విప్పించి చూడండి. రక్ష తర్వాత కడతాను," అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వులో గౌరవం ఉంది గాని నవ్వు నవ్వే. "ఇనుము సంగతి మేం చూసుకుంటాం గదమ్మా. కాలువ కట్టేసినప్పుడు అన్నీ విప్పిస్తాను. నువ్వు రక్ష కట్టు, వేళ మించిపోతోంది," అన్నారు.

కాలువ కట్టేసినప్పుడు. ఆ మాట వినేసరికి నా ఒళ్లు మండిపోయింది. ఎర్రగుడ్డ నేలకేసి కొట్టాను. జుట్టు ముడి విప్పేశాను. పూజ పళ్లెంలో వేపమండ తీసి నోట కరుచుకుని, కళ్లు పైకి తిప్పి, గట్టిగా ఊగడం మొదలుపెట్టాను. మా పేటలో పుట్టినదానికి పూనకం ఎలా ఉంటుందో ఒకరు నేర్పాలా?

"తల్లి వచ్చింది! తల్లి పూనింది!" అని జనం వెనక్కి తగ్గారు. డప్పులు మోగాయి. వెంకటరాజు గారు తలపాగా తీసి చేతులు జోడించారు.

"ఏం లోటు జరిగింది తల్లీ?"

"పులుపు పోస్తార్రా నా ఒంటి మీద! నా ఎముకలు తినిపిస్తార్రా! నాకు ఆముదం పొయ్యండిరా! కొబ్బరికాయ గట్టు మీద కొట్టండి, నా నెత్తిన కొడితే ఊరుకోను! నా ఎముకలు నాలుగూ తీసి కొత్తవి పెట్టండి! పెట్టకుండా పడవ కదిపితే ఈసారి ఒక్కణ్ణి కాదు!"

"పెడతాం తల్లీ, ఇప్పుడే పెడతాం. ఎవరిచేత పెట్టించమంటావు?"

"ముందు పెట్టినవాడే! ఏసుపాదాన్ని పిలవండి!"

"వాడు కిరస్తానీవాడు గదా తల్లీ?"

"నాకు లేని పట్టింపు నీకెందుకురా!"

వెంకటరాజు గారిని 'రా' అని అదొక్కసారే అన్నాను. ఆ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది. ఆయన లెంపలు వేసుకున్నారు. ప్రయాణం ఆగిపోయింది. ఎక్కిన జనం కిక్కురుమనకుండా దిగిపోయారు.

మండపేటకు మనిషిని పంపితే, అమ్మవార్ల పిలుపులకు నేను రానని ఏసుపాదం చెప్పి పంపాడు. వాడి పౌరుషం వాడిది. చివరికి నేనే పోయి, వాడి గుమ్మం ముందు నిలబడి, డ్రైవరు పెళ్లాం పేరు పాపాయి అని మాత్రం చెప్పాను. వాడు ఇంకేమీ అడక్కుండా సంచి భుజాన వేసుకున్నాడు.

పడవ మీద మేమిద్దరమే ఉన్నాం. తల్లి ఆజ్ఞ జరిగే చోట ఎవరూ ఉండకూడదని జనం వాళ్లకై వాళ్లే దూరంగా నిలబడ్డారు. ఏసుపాదం పసుపు తుడిచాడు. ఈసారి ఎవరూ మొహం చిట్లించలేదు. కిరసనాయిలు పోశాడు, నిప్పులు పెట్టాడు, పానా తగిలించి కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ తిప్పాడు. డ్రైవరు నిలబడే వైపు బోల్టు పుటుక్కున విరిగింది. విరిగిన తల అరచేతిలో పెట్టుకుని వాడు చాలాసేపు చూశాడు.

"నిజంగానే పూనిందా నీకు?" అన్నాడు తలెత్తకుండా.

"బోల్టు తిప్పు," అన్నాను.

వాడికి అర్థమైంది. చిన్నప్పటి నుంచి చూసినవాడు గదా. కాసేపు పని చేశాడు. తర్వాత ఉన్నట్టుండి పానా ఆపి నా వైపు చూశాడు.

"మరి ఆ రోజు ఎందుకు పూనలేదే, లోవమ్మా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆ ఇనుపముక్కకు పసుపు రాసిన ప్రతి శుక్రవారం నన్ను నేనే అడుక్కున్నాను. అప్పటికీ నాకు జుట్టుంది, గొంతుంది, పూజ పళ్లెంలో వేపమండా ఉంది. కాని దండం పెట్టి చెప్పాను. మనిషిలా చెప్పాను.

"ఆ రోజు నేను ఉత్త పెళ్లాన్ని గదరా. పెళ్లాం మాట వింటారనుకున్నాను," అన్నాను.

గట్టు మీద నుంచి పాపాయి రెండు చేతులూ జోడించి నా వైపే చూస్తోంది. దానికి నిజం చెప్పాలనిపించింది, చెప్పలేదు. చెబితే మళ్లీ ఏడు ఈ బోల్టులు ఎవరూ విప్పరు. ఏసుపాదం బర్మా తీసి, విరిగిన మొండెం నడిమధ్యన పెట్టాడు.